చేవ్రాలు చివర చూడండి: చిత్రకారుడెవరో తేలని చిన్న ప్రతీకవాద మతచిత్రానికి వెల కట్టడం ఎలా

లియాన్‌లో ఉండే మా మిత్రుడొకడు ఓ ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. పాతసామాన్ల సంతలో నలభై యూరోలకు కొన్న చెక్క పలక. మోకరిల్లి, చేతులు జోడించి, ఒక పక్కకు తిరిగి ఉన్న అమ్మాయి. తల చుట్టూ పళ్లెమంత బంగారు వలయం. వెనకాల నీలపచ్చని చెట్లు, మూడు తెల్ల గొర్రెలు. కింద కుడిమూల ఒకదాని కింద ఒకటిగా నాలుగు ఎర్ర అక్షరాలు: ఎం, ఏ, వి, డి.

వెంటనే ఫోన్. "అన్నా, నెట్‌లో చూశాను. ఇది మోరిస్ దెనీ సంతకమే. లక్ష యూరోలు పలుకుతుందా?"

దెనీ పందొమ్మిదో శతాబ్దం చివర్లో పేరు తెచ్చుకున్న ఫ్రెంచి ప్రతీకవాద చిత్రకారుడు. కంటికి కనబడేదాన్ని ఉన్నదున్నట్టు వేయకుండా, ప్రతీకలతో భావాన్నీ కలనూ సూచించే ధోరణే ప్రతీకవాదం. ఫ్రాన్స్‌లో వేలం కేటలాగులు రాసి బతికే నాలాంటివాడికి ఇలాంటి ఫోన్లు మామూలే. వాడికి అప్పుడు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మొదట చేవ్రాలు చూసినవాడికి ఆ తర్వాత కనిపించేదంతా ఆ చేవ్రాలును సమర్థించే సాక్ష్యంలాగే కనిపిస్తుంది. కాబట్టి బొమ్మ చేతికొచ్చాక ఆ మూలను బొటనవేలితో మూసేసి మొదలుపెట్టండి.

మొదటి అడుగు: ఏం చేయకూడదో ముందు తెలుసుకోండి

తడిగుడ్డతో తుడవకండి. బంగాళదుంప ముక్కతో, బ్రెడ్డుతో రుద్దితే మురికి పోతుందని ఎవరో చెబుతారు, వినకండి. వెనక ఉన్న పాత కాగితం చీటీ ఊడబోతుంటే పీకేయకండి. ఫ్రేము బాగాలేదని కొత్తది వేయించకండి. ఈ నాలుగింటిలో ఏది చేసినా వెలలో కొంత చెత్తబుట్టలో పడ్డట్టే. ఈ కాలపు చిత్రాల్లో చాలావాటి పైపూత గోడకు వేసిన సున్నంలా పొడిగా, మెరుపు లేకుండా ఉంటుంది. ఫ్రెంచి చిత్రకారుడు గోగాన్, ఆయన వెంట నడిచిన 'నబీ' అనే యువ చిత్రకారుల బృందం (దెనీ వీళ్లలో ఒకడు) వార్నిష్ మెరుపును ఇష్టపడేవారు కాదు. రంగులోని నూనెను పీల్చేసే పూత మీద, ఒక్కోసారి నేరుగా అట్ట మీదే వేసేవారు. అలాంటి ఉపరితలానికి నీళ్లు తగిలితే మచ్చ పడుతుంది, అది మళ్లీ పోదు.

కావలసిన సామాను పెద్దగా ఏమీ లేదు. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, మామూలు టార్చి, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి (కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి), మెత్తటి కొలత టేపు, ఫోన్ కెమెరా, ఒక నోటుపుస్తకం. వీటన్నిటికంటే ముందు కావలసింది పగటి వెలుతురు వచ్చే కిటికీ.

రెండో అడుగు: అది నిజంగా రంగులతో వేసిన బొమ్మేనా?

మన ఇళ్లలో రవివర్మ ఓలియోగ్రాఫులను, అంటే నూనెరంగు చిత్రాల్లా కనిపించే అచ్చుబొమ్మలను, చాలామంది చేత్తో వేసిన చిత్రాలే అనుకుంటూ పెరిగారు. ఐరోపాలోనూ ఇదే కథ. పారిస్‌లో సేన్ సుల్పీస్ చర్చి చుట్టుపక్కల దుకాణాలు ముద్రిత పుణ్యచిత్రాలను గుట్టలుగా అమ్మేవి. వాటిని పలక మీద అతికించి, పైన అక్కడక్కడ నూనెరంగు పులిమితే చీకటి గదిలో ఎవరైనా మోసపోతారు. ముఖం మీద భూతద్దం పెట్టండి. కుంచె గీత బదులు చుక్కల గుంపు కనబడితే అది అచ్చు. ఇందుకు రెండు నిమిషాలు చాలు, కానీ నెలల తరబడి పడే యాతన తప్పుతుంది.

మావాడి పలక ఈ పరీక్ష దాటింది. గొర్రెల ఉన్ని మీద కుంచె వెంట్రుకల జాడలు స్పష్టంగా ఉన్నాయి.

మూడో అడుగు: వెనక్కి తిప్పండి

నా లెక్కలో మొత్తం సమయంలో సగం ఇక్కడే పోవాలి. ముందువైపు చిత్రకారుడు మనకు చూపదలచుకున్నది ఉంటుంది. వెనకవైపు ఎవరూ అంత శ్రద్ధ పెట్టరు కనుక అక్కడ అబద్ధాలు తక్కువ.

ముందు కొలవండి. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఫ్రాన్స్‌లో కాన్వాసులు, పలకలు నిర్ణీత కొలతల్లో తయారై దుకాణాల్లో దొరికేవి. మనుషుల బొమ్మల కోసం ఉద్దేశించిన 'ఫిగర్' వరుసలో ఒకటో నంబరు 22 × 16 సెంటీమీటర్లు, మూడో నంబరు 27 × 22, ఐదో నంబరు 35 × 27, ఎనిమిదో నంబరు 46 × 38. మీ బొమ్మ ఈ కొలతల్లో ఒకదానికి దగ్గరగా ఉంటే ఫ్రాన్స్ వైపు సరుకని ఒక చిన్న ఆధారం. ఏ కొలతకూ అందకుండా ఒక అంచు మాత్రం కొత్తగా కోసినట్టుంటే అది ఏదో పెద్ద బొమ్మలోంచి తీసిన ముక్క కావచ్చు. మావాడిది సరిగ్గా 27 × 22.

ఈ కొలత విలువ తెలియాలంటే నబీ చిత్రకారుడు పాల్ సెరూజ్యే వేసిన 'తలిస్మాన్' గుర్తుచేసుకోవాలి. 1888లో వాయవ్య ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో, పొంతావెన్ అనే ఊరి దగ్గరి అడవిలో గోగాన్ పక్కన నిలబడి చెబుతుంటే సెరూజ్యే వేసిన చిన్న చెక్క పలక అది. ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. చుట్టపెట్టె మూత మీద వేశాడని దశాబ్దాలపాటు చెప్పుకున్నారు. తీరా ప్రయోగశాలలో పరీక్షిస్తే అది దుకాణంలో అమ్మే మామూలు పాప్లర్ పలకేనని తేలింది. కథ ఎంత అందంగా ఉన్నా టేపు పెట్టి కొలవాల్సిందే.

తర్వాత ముద్రలు. రంగులు, కాన్వాసులు అమ్మే వ్యాపారులు వెనకవైపు తమ పేరు, వీధి చిరునామా అచ్చు కొట్టేవారు. తాసే ఎ లోత్ దుకాణం ముద్ర, రూ ఫోంతేన్ 31 చిరునామాతో, చిత్రకారుడు దెగా కాలపు కాన్వాసుల వెనక కనిపిస్తుంది. ముద్ర దొరికితే పేరు చూసి ఆగిపోకండి, చిరునామా చూడండి. ఫ్రెంచి జాతీయ గ్రంథాలయం వారి గల్లికా సైటులో పాత వ్యాపార డైరెక్టరీలు ఉచితంగా ఉన్నాయి. ఆ వ్యాపారి ఆ వీధిలో ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు ఉన్నాడో ఓపికగా వెతికితే బొమ్మ వయసుకు ఒక హద్దు దొరుకుతుంది. పలక పాతదైనంత మాత్రాన బొమ్మ పాతది కావాలని లేదు. అయినా పలక కంటే ముందు బొమ్మ పుట్టదు కదా.

ఆ తర్వాత మేకులు, మరలు. ప్లస్ ఆకారం గాడి ఉన్న మర 1930లకు ముందు లేదు. మెసొనైట్ అట్టపలక 1924 తర్వాతి సరుకు. కాన్వాసును చట్రానికి స్టేపుల్ పిన్నులతో కొట్టి ఉంటే అది ఇరవయ్యో శతాబ్దం నడిమి తర్వాతి పని, లేదా అప్పుడెవరో మళ్లీ బిగించారు. పాత మేకుల రంధ్రాలు పక్కనే ఉన్నాయేమో చూస్తే ఏ సంగతో తెలిసిపోతుంది.

చీటీలు, సుద్ద అంకెలు, మైనపు ముద్రలు అన్నిటికీ విడివిడిగా ఫొటోలు తీయండి. చట్రం మీద స్టెన్సిల్‌తో కొట్టిన నల్లటి అంకెలూ అక్షరాలూ క్రిస్టీస్ వేలం సంస్థ నంబరు కావచ్చు. పాత నంబరైతే అది ఏ వేలానిదో వాళ్లనడిగి తెలుసుకోవచ్చు. కాగితం మీద వేసిన బొమ్మలకు సేకర్తలు కొట్టుకునే చిన్న ముద్రలను ఫ్రిట్స్ లూగ్ట్ 1921లో పుస్తకంగా తెచ్చాడు. ఆ జాబితా ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు.

మావాడి పలక వెనక వ్యాపారి ముద్ర లేదు. కానీ టార్చి వెలుతురు ఏటవాలుగా పడగానే పెన్సిల్ రాత ఒకటి తేలింది. ఫ్రెంచిలో, బడిపంతులు రాసినట్టు గుండ్రటి అక్షరాలతో: "నా జ్ఞానపుత్రికకు, 27 మే 1923". జ్ఞానపుత్రిక అంటే బాప్తిస్మంలో తాము అండగా నిలబడ్డ పాప. క్యాలెండర్ తిరగేశాను. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 1న వచ్చింది. అక్కణ్నుంచి ఎనిమిదో ఆదివారం, అంటే త్రిత్వ పండుగ రోజు, మే 27. ఫ్రాన్స్‌లో పిల్లల ప్రథమ దివ్యసత్ప్రసాదం వేడుకలు, అంటే క్యాథలిక్ పిల్లలు చర్చిలో తొలిసారి ప్రసాదం తీసుకునే వేడుకలు జరిగే కాలమే అది. తెల్ల ముసుగుతో మోకరిల్లిన అమ్మాయి బొమ్మకు ఇంతకంటే సహజమైన సందర్భం ఉండదు. ముందువైపు ఉన్న నాలుగు అక్షరాలు లక్ష యూరోల కథ చెబుతుంటే, వెనకనున్న పెన్సిల్ రాత ఒక పెద్దావిడో పెద్దాయనో పాపకిచ్చిన కానుక గురించి చెబుతోంది.

నాలుగో అడుగు: మూడు వెలుతురుల్లో ముందువైపు

మొదటిది పగటి వెలుతురు. బొమ్మను దూరంగా పెట్టి చూడండి. రంగు మడులు, వాటి చుట్టూ గీతలు, ఖాళీలు మాత్రం గమనించండి.

రెండోది టార్చి, పక్కనుంచి. నెర్రెలు ఎలా ఉన్నాయి? చెక్క మీద అవి సాధారణంగా చెక్క నార వెంట సాగుతాయి. నారతో సంబంధం లేకుండా సాలెగూడులా అంతటా ఒకే మందంతో ఉంటే ఎవరో వేడి చేసి పగిలేలా చేశారేమో అనుమానించాలి. కింద ఇంకో బొమ్మ ఉంటే దాని కుంచె గట్లు కూడా ఈ వెలుతురులోనే బయటపడతాయి.

మూడోది అతినీలలోహిత కాంతి, గది పూర్తిగా చీకటి చేసి. పాత సహజ జిగురు వార్నిష్ పసుపుపచ్చగా, మబ్బు పట్టినట్టు మెరుస్తుంది. ఆ వార్నిష్ పైన తర్వాత ఎవరైనా దిద్దిన చోట్లు నల్లటి మచ్చల్లా కనబడతాయి. జింక్ వైట్ పసుపు ఛాయతో వెలుగుతుంది. బట్టగానీ కాగితంగానీ నీలితెలుపుగా భగ్గుమంటే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉందన్నమాట, అలాంటివి 1950 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చాయి. ఈ పరీక్షను కొందరు వేదవాక్కులా చెబుతారు. నేనంత నమ్మను. ఈ కాంతిని తప్పించుకునే వార్నిష్‌లూ ఉన్నాయి. మచ్చ కనబడితే అది సాక్ష్యం. కనబడకపోతే నిర్దోషి అని కాదు.

బంగారం సంగతి ప్రత్యేకంగా చూడాలి. తంజావూరు చిత్రాలు దగ్గరగా చూసినవాళ్లకు రేకు బంగారం ఎలా ఉంటుందో తెలుసు. రేకులు ఒకదానిమీదొకటి ఎక్కిన చోట సన్నటి గీత పడుతుంది. ఇత్తడి పొడి కలిపిన 'బంగారు రంగు' అయితే భూతద్దంలో ఇసుకలా మెరిసే రేణువులు, అంచుల్లో ఏళ్ల తరబడి గాలి తగిలి గోధుమ, ఆకుపచ్చ ఛాయలు ఉంటాయి. మావాడి బొమ్మలో వలయం అంచు చిలుము పట్టిన చెంబులా ఉంది.

ఐదో అడుగు: రంగులకు పుట్టినతేదీలు ఉన్నాయి

ఖర్చు పెట్టాలా వద్దా అని నిర్ణయించుకోవలసింది ఇక్కడ. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం బొమ్మను గీకకుండానే ఆ చోట ఏ మూలకాలున్నాయో చెబుతుంది. మ్యూజియంలు, కొన్ని విశ్వవిద్యాలయాలు, పెద్ద పునరుద్ధరణ కార్యశాలల్లో ఉంటుంది. చెక్కు రాసే ముందు ఈ తేదీలు తెలిసుండాలి:

- కృత్రిమ అల్ట్రామెరీన్: 1828 తర్వాత. పాతదే, ప్రతీకవాద కాలానికి అడ్డం రాదు.
- విరిడియన్ ఆకుపచ్చ: 1859లో పేటెంటు.
- కాడ్మియం ఎరుపు: 1910 ప్రాంతం నుంచి అమ్మకంలో.
- టైటానియం వైట్: 1916 తర్వాత మొదలై 1920లలో చిత్రకారుల చేతికి.
- థాలోసయనిన్ నీలం, ఆకుపచ్చ: 1930ల నడిమి నుంచి. ఇది సేంద్రియ రంగు, అందుకని ఎక్స్‌రే యంత్రానికి సరిగా చిక్కదు. దీనికి లేజరు కాంతితో చేసే రామన్ పరీక్ష కావాలి.

యంత్రం ఎక్కడ పెట్టాలన్నదే అసలు తెలివి. మొత్తం బొమ్మ మీద పది చోట్ల కొలిచి, దిద్దుబాటు ఉన్న చోట టైటానియం దొరికిందని బొమ్మే నకిలీ అని తేల్చినవాళ్లను చూశాను. అతినీలలోహిత ఫొటో చేతిలో పెట్టుకుని, ఎవరూ ముట్టని చోట ఒక కొలత, అనుమానం ఉన్న చోట ఒక కొలత తీసుకోవాలి.

మావాడి పలకకు తెలిసిన పరిశోధకురాలి ద్వారా నాలుగు కొలతలు దొరికాయి. ముసుగు తెలుపులో సీసం, జింక్. టైటానియం లేదు. వలయంలో రాగి, జింక్, అంటే ఇత్తడి పొడి. చెట్లలో క్రోమియం. ఇక ఆ ఎర్ర అక్షరాల్లో కాడ్మియం, సెలీనియం.

ఆ చివరి రెండింటి మీద ఆగాలి. మోరిస్ దెనీ (1870–1943) ఇలా నిలువుగా పేర్చిన అక్షరాల గుర్తును తొలినాళ్లలో, 1890ల ప్రాంతంలో వాడాడు. సెలీనియం కలిసిన కాడ్మియం ఎరుపు అప్పటికి బజారులోకే రాలేదు.

ఆరో అడుగు: బొమ్మలో ఏముంది, ఎవరికోసం?

ప్రతీకవాదం ఒకే పాఠశాల కాదు. జాన్ మొరెయాస్ 1886 సెప్టెంబరు 18న 'ల ఫిగారో' పత్రికలో దాని ప్రకటన అచ్చు వేసింది కవిత్వం కోసం. చిత్రకళలోకి అది పలు దారుల్లో ప్రవహించింది. మీ ముందున్న చిన్న బొమ్మ ఏ పాయలోదో చెప్పగలిగితే పేరు చెప్పలేకపోయినా వెలకు దారి దొరుకుతుంది.

గుస్తావ్ మోరో పాయలో బంగారు నగిషీలు, బైబిల్ కథలో నాట్యమాడే సలోమేలు, పురాణ రాణులు, చీకటి మందిరాలు. పారిస్‌లో ఆయన ఇల్లే ఇప్పుడు మ్యూజియం. ఓదిలోన్ రెదోన్ పాయలో మొదట బొగ్గు నలుపు, తర్వాత పాస్టెల్ కాంతి. ఆయన క్రీస్తు ముఖం ఏదో కలలోంచి తేలి వచ్చినట్టుంటుంది. రహస్య విద్యల మీద మక్కువున్న రచయిత జోజెఫాన్ పెలదాన్ నడిపిన 'రోజ్ క్రువా' (గులాబీ శిలువ) ప్రదర్శనలు 1892 నుంచి 1897 వరకు ఏటా ఒకటి చొప్పున ఆరు జరిగాయి. ఆయన నియమావళి చదివితే నవ్వొస్తుంది: చరిత్ర చిత్రాలు వద్దు, సైనికులు వద్దు, పండ్లూ పూలూ వద్దు, స్త్రీ చిత్రకారులూ వద్దు. కార్లోస్ ష్వాబ్, జాన్ దెల్విల్, అలెగ్జాండ్ర్ సెయోన్, ఆల్ఫోన్స్ ఒస్బెర్ వంటివారు అక్కడ కనిపించారు. ఆ కేటలాగులు దొరుకుతాయి, కాబట్టి ఫ్రేము మీద పాత నంబరు ఉంటే పోల్చుకోవచ్చు.

ఇక మనకు కావలసిన పాయ, బ్రిటనీ పల్లెల్లో పుట్టింది. గోగాన్ 1888లో 'ప్రసంగానంతర దర్శనం' వేసి నిజోన్ చర్చికి ఇస్తానంటే అక్కడి ఫాదర్ వద్దన్నాడు. మరుసటి ఏడు వేసిన 'పసుపు క్రీస్తు'కు మూలం త్రెమాలో గుడిలోని చెక్క శిలువ. ఎమిల్ బెర్నార్, సెరూజ్యే, తర్వాత బెనెడిక్టీన్ సన్యాసిగా మారిన డచ్చివాడు యాన్ వెర్కాదె ఈ దారివాళ్లే. వీళ్లందరిలో చిన్న మతచిత్రానికి పర్యాయపదంలాంటివాడు షార్ల్ ఫిలిజే (1863–1928). అల్సాస్‌లోని తాన్‌లో పుట్టి బ్రిటనీలో మాయమైపోయినట్టు బతికాడు. అరచేతి కొలతలో గువాష్ అనే చిక్కటి నీటిరంగులు, బంగారం, మధ్యయుగపు ముఖాలు. అతణ్ని 1894లో రచయిత ఆల్‌ఫ్రెడ్ జారీ పొగుడుతూ వ్యాసం రాశాడు.

దెనీని సాటి మిత్రులు 'అందమైన ప్రతిమల నబీ' అని పిలిచేవారు. ఆయన 1919లో జార్జ్ దెవాలియేర్‌తో కలిసి పవిత్రకళా కార్యశాలలు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కూలిన చర్చిలకు బొమ్మలు కావలసివచ్చిన కాలమది. అక్కడ నేర్చుకున్న యువతీయువకులు దెనీ తీరునే ఇరవై ఏళ్లపాటు పల్లెపల్లెకూ మోశారు. అందుకే 1920ల నాటి 'దెనీలాంటి' చిన్న బొమ్మలు ఫ్రాన్స్ సంతల్లో కనబడుతూనే ఉంటాయి. అవి నకిలీలు కావు. గురువు భాషలో మాట్లాడిన శిష్యుల ప్రార్థనలు. వాటికి వాటి వెల ఉంది.

అర్థం చదివేటప్పుడు కూడా ఇదే తూకం. గొర్రెపిల్ల, లిల్లీ పువ్వు, తెల్ల ముసుగు ఉంటే క్యాథలిక్ ఇంటి బొమ్మ. స్ఫింక్స్, ఆర్ఫియస్ తల, గులాబీ శిలువ కలిస్తే రహస్య సంఘాల గాలి. బుద్ధుడూ క్రీస్తూ ఒకే చేతి నుంచి వస్తే రెదోన్ వైపు చూడండి.

ఏడో అడుగు: ఇప్పుడు బొటనవేలు తీయండి

చేవ్రాలు దగ్గర మూడు ప్రశ్నలు. అక్షరాల రంగు బొమ్మలో మరెక్కడైనా ఉందా? అది వార్నిష్ కిందుందా, పైనుందా? నెర్రె వచ్చిన చోట ఆ రంగు కూడా పగిలిందా, లేక నెర్రెలోకి దిగిందా?

మూడోదే అన్నిటికంటే గట్టిది. బొమ్మతోపాటే ఎండిన అక్షరమైతే బొమ్మతోపాటే పగులుతుంది. మావాడి పలక మీద 'ఏ' అక్షరం అడ్డగీత కింద ఒక సన్నటి నెర్రె ఉంది. భూతద్దంలో చూస్తే ఎర్రరంగు ఆ నెర్రెలోకి సిరాలా పాకి, అటువైపు ఒడ్డుకు ఎక్కింది. అంటే బొమ్మ ఎండి, ఏళ్లు గడిచి, పగిలాక ఎవరో ఆ నాలుగు అక్షరాలు రాశారు.

తొందరపడి ఇక్కడే దొంగ అని అరవకూడదు. చిత్రకారులు పాత బొమ్మలు అమ్మేటప్పుడు ఆలస్యంగా సంతకం పెట్టడం, తేదీ వెనక్కి జరపడం కూడా జరిగింది. ఎమిల్ బెర్నార్ తన చిత్రాలకు ముందు తేదీలు వేసుకున్నాడని కళాచరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నదే. చనిపోయాక వారసులు కార్యశాల ముద్ర కొట్టడమూ మామూలే. కాబట్టి చేవ్రాలు ఒక్కటే తప్పయితే అది చేవ్రాలు తప్పు మాత్రమే. మావాడి విషయంలో మాత్రం పెన్సిల్ తేదీ, ఇత్తడి పొడి, కాడ్మియం ఎరుపు, నెర్రె నాలుగూ ఒకేవైపు చూపిస్తున్నాయి.

ఎనిమిదో అడుగు: ఎవరి చేతుల్లోంచి వచ్చింది?

కొన్న రశీదు నుంచి వెనక్కి నడవండి. అమ్మినవాడికి ఎక్కడ దొరికింది, ఏ ఊరి ఇల్లు ఖాళీ చేస్తే వచ్చింది? మతచిత్రాలకు ఫ్రాన్స్‌లో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. 1905లో చర్చిని, రాజ్యాన్ని వేరు చేసిన చట్టం తర్వాత, అప్పటికే చర్చిల్లో ఉన్న సామాను చాలావరకు ప్రజల ఆస్తిగా, అంటే ఆ ఊరి పురపాలకానిదిగా మారింది. అలాంటిది ఎన్నిసార్లు చేతులు మారినా అమ్మకానికి చెల్లదు. వెనక చర్చి పేరుగానీ, ఊరి జాబితా నంబరుగానీ ఉంటే రక్షిత వస్తువులుండే పాలిస్సీ డేటాబేసులో వెతకండి.

1933–1945 మధ్య ఎవరి దగ్గరుందో ఖాళీగా ఉంటే నాజీలు దోచిన సొత్తు కాదని నిర్ధారించుకోవాలి. జర్మనీ నడిపే లాస్ట్ ఆర్ట్ డేటాబేసు ఉంది. దొంగ సొత్తుకు ఇంటర్‌పోల్ వారి ఐడీ-ఆర్ట్ యాప్ ఫోన్‌లోనే దొరుకుతుంది. వీటికి గంటకు మించి పట్టదు, వెతికిన తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి.

తొమ్మిదో అడుగు: ఏ మాట వాడతారు?

వెల మొత్తం ఈ మాటలోనే ఉంటుంది. ఫ్రాన్స్‌లో 1981 మార్చి 3 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ఈ మాటలకు చట్టపరమైన అర్థం కట్టింది. చిత్రకారుడి పేరు ఏ షరతూ లేకుండా రాస్తే అది ఆయనే వేశాడన్న హామీ. 'ఆయనకు ఆపాదించినది' అంటే ఆయన పనిచేసిన కాలంలోనే వేసినది, ఆయనే అనుకోవడానికి గట్టి కారణాలున్నాయి అని. 'కార్యశాల' అంటే ఆయన పర్యవేక్షణలో తయారైనది. 'ఆయన సంప్రదాయం' అంటే వేసినవాడు ఆయన శిష్యుడు, లేదా ఆయన ప్రభావం స్పష్టంగా ఉన్నవాడు, లేదా ఆయన పద్ధతిని అందిపుచ్చుకున్నవాడు. గురువు జీవితకాలంలోగానీ, పోయిన 50 ఏళ్లలోగానీ వేసి ఉండాలి. 'ఆయన తీరులో', 'ఆయన అభిరుచిలో', 'ఆయనకు నకలు' అన్నవాటికి హామీ ఏమీ లేదు. లండన్, న్యూయార్క్ వేలం సంస్థలకు తమ తమ పదకోశాలు కేటలాగు చివర ఉంటాయి. ఏ సంస్థ వాడుతున్న అర్థమో చూడకుండా పోల్చకండి.

పేరు పైమెట్టు మీద పెట్టాలంటే మీ నమ్మకం, నా నమ్మకం చాలవు. ఆ చిత్రకారుడి సమగ్ర జాబితా తయారుచేసేవాళ్లు ఒప్పుకోవాలి. రెదోన్‌కు 1992–1998 మధ్య నాలుగు సంపుటాల జాబితా వచ్చింది. దెనీకి కూడా ఆ పనిలో ఉన్నవాళ్లున్నారు. ఫొటోలు, వెనకవైపు, కొలతలు పంపి మర్యాదగా అడగండి. "డబ్బిస్తే ధ్రువపత్రం ఇస్తాను" అని ముందే చెప్పేవాడి కాగితం వేలం గదిలో ఎవరూ లెక్కచేయరు.

పదో అడుగు: అంకె

ఏ అవసరానికి వెల కడుతున్నారో ముందు రాయండి. బీమా కోసమైతే అలాంటిదే మళ్లీ దుకాణంలో కొనాలంటే ఎంతవుతుందో ఆ ధర. ఆస్తి పంపకానికైతే తొందర లేని అమ్మకందారు, తొందర లేని కొనుగోలుదారు మధ్య కుదిరే ధర. వేలానికైతే కింది, పై అంచనా. ఈ మూడూ ఒకటి కావు, బీమా ధర చూసి "ఇంతకు అమ్ముతా" అనుకునేవాళ్లు నిరాశపడతారు.

పోలికలు వెతికేటప్పుడు అడిగిన ధరలు వదిలేయండి, అమ్ముడైన ధరలే తీసుకోండి. అవి వేలంలో సుత్తి పడినప్పటి ధరలా, కొనుగోలుదారు రుసుము కలిపినవా చూడండి. ఆ తేడా చాలాచోట్ల పావు వంతుకు తక్కువ ఉండదు. కనీసం ఐదారు పోలికలు, అదే పాయ, అదే మాధ్యమం, దగ్గరి కొలత, గత పదేళ్లలోపు. అమ్ముడుపోకుండా మిగిలినవి కూడా లెక్కలో పెట్టాలి, చాలామంది అవి దాచేస్తారు. ఇంకో సంగతి, ఇది నా అనుభవం మాత్రమే: ఒకే చేతి బొమ్మల్లో సలోమే పలికినంత ధర మోకరిల్లిన కన్య పలకదు.

మావాడు తెలివిగా ఒక లెక్క తెచ్చాడు. "అన్నా, దెనీ అని తేలితే అరవై వేలు, లేకపోతే వెయ్యి అనుకో. తేలే అవకాశం నూటికి ఐదు. అంటే మూడు వేలు, తొమ్మిది వందల యాభై. మొత్తం దాదాపు నాలుగు వేలు కదా?" లెక్క తప్పు కాదు. కానీ అది జూదగాడి ధర, మదింపు కాదు. ఈరోజు చేతిలో ఉన్న సాక్ష్యంతో ఈరోజు బజారు ఎంతిస్తుందో అదే రాయాలి. పైగా నెర్రెలోకి దిగిన ఎరుపు చూశాక ఆ ఐదు కూడా నాకు కనబడలేదు.

నేను రాసింది ఇది: "పేరు తెలియని ఫ్రెంచి చిత్రకారుడు లేదా చిత్రకారిణి, మోరిస్ దెనీ తీరులో, సుమారు 1923. ప్రార్థిస్తున్న బాలిక. పాప్లర్ పలక మీద నూనెరంగు, ఇత్తడి పొడి. 27 × 22 సెం.మీ. తర్వాతి కాలంలో చేర్చిన అక్షరాలు కింద కుడివైపు. వెనక అంకితం, తేదీ. అంచనా 400–600 యూరోలు." 'ఆయన సంప్రదాయం' అని రాయలేదు. బొమ్మ వేసినవారు ఏ కార్యశాలలో నేర్చుకున్నారో చూపే కాగితం లేనప్పుడు ఆ మాట నేను వాడను.

ఇండియాకు తెచ్చుకోవాలనుకుంటే

చివర్లో మావాడు హైదరాబాద్‌లో అమ్మ గదిలో పెడతానన్నాడు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మన దేశంలో ఉన్న వందేళ్లు దాటిన చిత్రం పురావస్తువు కింద లెక్క. దాన్ని మామూలు మనిషి దేశం దాటించడానికి వీల్లేదు. 1923 పలకకు వందేళ్లు నిండాయి. లోపలికి వచ్చిందంటే మళ్లీ లియాన్ వేలానికి తీసుకెళ్లడం అంత తేలిక కాదు. తెచ్చే ముందు కొన్న రశీదు, ఫ్రాన్స్ నుంచి బయలుదేరిన కాగితాలు, రెండువైపుల ఫొటోలు కస్టమ్స్ కోసం ఒక ఫైలులో పెట్టుకోమన్నాను.

ఆ నాలుగు అక్షరాలు తుడిపించెయ్యనా అని అడిగాడు. వద్దన్నాను. తీయించాలంటే పునరుద్ధరణ నిపుణులకు ఇచ్చే కూలి బొమ్మ వెలలో సగమవుతుంది. పైగా నా నివేదికలో అవి అబద్ధమని ఉంది, ఆ నివేదిక కవరులో పెట్టి ఫ్రేము వెనక అతికించాడు. పెన్సిల్ రాత కనబడేలా కవరును కాస్త పక్కకు జరిపి అతికించమని మాత్రం చెప్పాల్సొచ్చింది.